చుట్టాన్ని ఇల్లు చేర్చేదాకా

జంషెడ్‌పూర్‌లోని సాక్చి గోల్‌చక్కర్ నుంచి రాంచీ విమానాశ్రయం దాదాపు 130 కిలోమీటర్లు. కోల్‌కతా విమానాశ్రయం దానికి రెట్టింపు పైమాటే. జంషెడ్‌పూర్‌కి చుట్టపుచూపుగా వచ్చిన తెలుగువాళ్ళు విమానంలో తిరిగి వెళ్ళాలంటే ఎక్కువమంది ఈ రెండిట్లో ఒకదానికి చేరాల్సిందే. అందుకే విమానం రద్దయిందన్న కబురు ఈ ఊరివాళ్ళకు మహా ఇబ్బందికరమైన చోట అందుతుంది. హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్నవాళ్ళు ఆ మెసేజీ చూసుకుని ఇంట్లోనే ఆగిపోవచ్చు. సాక్చిలో ఉదయం ఎనిమిది గంటల విమానానికి రాత్రి రెండున్నరకే కారెక్కాలి. చాండిల్ దాటి, బుందూ దాటి, తైమారా ఘాట్ ఎక్కుతుండగా ఫోను మోగుతుంది. వెనక సీట్లో షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్ళు. ముందుకు పోవాలా, వెనక్కి తిరగాలా అన్నది ఆ చీకట్లో రోడ్డు పక్కన నిలబడి తేల్చుకోవాలి.

ఈ చిక్కు విమానాలతో పుట్టలేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని క్షేమంగా తిరిగి ఇల్లు చేర్చడం ఈ ఊరి తెలుగు కుటుంబాలకు నూరేళ్ళుగా ఉన్న పని. అప్పట్లో ఆగిపోయేవి రైళ్ళు.

సాక్చి మొదట ఒక పల్లె. టాటాల ఇనుప కార్ఖానాకు చోటు వెతుకుతూ తిరిగిన అమెరికన్ నిపుణుడు సి.ఎం. వెల్డ్, ఆయన వెంట ఉన్న శ్రీనివాసరావు కలిసి సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటికి దగ్గరగా దీన్ని గుర్తించారు. నీళ్ళు ఇక్కడే ఉన్నాయి, ఇనుప ఖనిజం మయూర్‌భంజ్‌లో ఉంది, బొగ్గు ఝరియాలో ఉంది. వీటన్నిటినీ కలపడానికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారి కాలీమాటీ స్టేషను దగ్గర్లోనే ఉంది. 1907 ఆగస్టు 26న కంపెనీ ఏర్పడింది. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మ తయారైంది. 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు, కాలీమాటీ స్టేషను టాటానగర్ అయింది. సాక్చి ఆ నగరంలో ఒక పేటగా, పెద్ద బజారుగా మిగిలింది. పాత స్టేషను పేరు సాక్చిలోని కాలీమాటీ రోడ్డుకు ఇప్పటికీ ఉంది.

తెలుగువాళ్ళు ఇక్కడికి రావడానికీ ఆ రైల్వేయే దారి. 1893 నుంచి 1896 వరకు బెజవాడ నుంచి కటక్ దాకా తీరం వెంబడి ఈస్ట్ కోస్ట్ లైను పడింది. తర్వాత అది ఖరగ్‌పూర్‌తో, కలకత్తాతో కలిసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి జనం ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు, అక్కణ్ణుంచి టాటా కంపెనీకి పనికి వచ్చారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలస నిలదొక్కుకుందనడానికి ఇవాళ్టికీ కళ్ళెదుట ఉన్న సాక్ష్యం. పని ఇక్కడ, పుట్టిల్లూ అత్తిల్లూ అక్కడ. పురుళ్ళకు అమ్మమ్మలు వచ్చేవాళ్ళు, వేసవి సెలవులకు మేనల్లుళ్ళు వచ్చేవాళ్ళు, కంపెనీ ఆసుపత్రిలో చూపించుకోవడానికి పెద్దవాళ్ళు వచ్చేవాళ్ళు. రావడం ఒక ఎత్తు, పంపడం ఒక ఎత్తు.

పంపడంలో మొదటి గండం ఖరగ్‌పూర్. టాటానగర్ నుంచి 134 కిలోమీటర్లు ప్రయాణించి అక్కడ దిగి, మద్రాసు వైపు వెళ్ళే మెయిలు పట్టుకోవాలి. ఘాట్‌శిలా, చాకులియా, ఝాడ్‌గ్రామ్ మీదుగా వచ్చే బండి ఆలస్యమైతే మెయిలు వెళ్ళిపోయేది. కంప్యూటర్ రిజర్వేషన్లు 1980ల మధ్యలో మొదట ఢిల్లీలో వచ్చాయి. మిగతా దేశానికి అవి చేరేదాకా మరో స్టేషను నుంచి బెర్తు కావాలంటే ఇక్కణ్ణుంచి రైల్వే వాళ్ళు తంతి కొట్టి అడగాలి, జవాబు కోసం ఎదురు చూడాలి. ఇంటి యజమాని డ్యూటీ దిగి కౌంటరు ముందు వరసలో నిలబడే పని అది. అందుకని తెలిసిన కుటుంబాల్లో ఒక ఏర్పాటు ఉండేది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు, ప్రతి ఇంటికీ అక్కడ ఏదో ఒక చుట్టరికం దొరుకుతుంది. బండి తప్పితే ఆ రాత్రి వాళ్ళింట్లో పడక. మరచెంబులో నీళ్ళు, రెండు పూటలకు సరిపడా పులిహోర, హోల్డాల్ పరుపు, ఒక కాగితం మీద ఖరగ్‌పూర్ వాళ్ళ క్వార్టరు నంబరు. ఇవన్నీ చేతికిస్తేనే చుట్టాన్ని సరిగా పంపినట్టు. చేరాక ఉత్తరం రావాలి, తొందరైతే తంతి రావాలి. ఆ కబురు అందేదాకా పంపినవాళ్ళ బాధ్యత తీరదు.

1927లో ఆ లైనే కదలకుండా పోయింది. ఫిబ్రవరిలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులు ఖరగ్‌పూర్ కేంద్రంగా సమ్మె చేశారు. అదే ఏడు చివర్లో మరోసారి వర్క్‌షాపు అట్టుడికింది. ఆ కార్మిక సంఘాన్ని నడిపించినవారు బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి. గిరి. సమ్మె చేసిన వాళ్ళలోనూ తెలుగువాళ్ళు ఉన్నారు, దానివల్ల ప్రయాణం ఆగిపోయిన వాళ్ళలోనూ తెలుగువాళ్ళు ఉన్నారు. ఇంట్లో చిక్కుకున్న చుట్టాన్ని చూసి విసుక్కోవడానికి వీల్లేని పరిస్థితి అది. బండి నడపనన్నది బావమరిదే కావచ్చు.

1942 ఇంకా పెద్ద దెబ్బ. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తీరం నుంచి జనం లోపలి ఊళ్ళకు తరలిపోయారు. ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమంలో బీహారులో చాలాచోట్ల పట్టాలు పీకేశారు. అదే నెల 20 నుంచి టాటా కార్ఖానాలోనే దాదాపు రెండు వారాలు పని ఆగిపోయింది. అక్టోబరు 16న తుపాను మిదనాపూర్ జిల్లాను తుడిచిపెట్టింది. ఖరగ్‌పూర్ అప్పట్లో ఉన్నది ఆ జిల్లాలోనే. ఒకే ఏట ఇంటి వైపూ, దారి మధ్యా, ఉన్న ఊళ్ళోనూ దెబ్బ మీద దెబ్బ. వచ్చినవాళ్ళు నెలల తరబడి ఉండిపోవాల్సిన ఏడు అది. ఇంట్లో ఉన్న బియ్యం ఇంటివాళ్ళ లెక్కకే, తినేవాళ్ళు మాత్రం పెరిగారు. ఆ కాలపు అతిథి మర్యాదను మెచ్చుకునేటప్పుడు ఆ బియ్యం ఎక్కణ్ణుంచి వచ్చాయన్నది కూడా గుర్తు చేసుకోవాలి.

తర్వాత తరం చెప్పుకునేది 1974 మే నెల. జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో దేశమంతా రైల్వే సమ్మె మే 8న మొదలై 27న ముగిసింది. ఇరవై రోజులు. పిల్లలకు సెలవులు, పైగా పెళ్ళిళ్ళ కాలం. ఏ తెలుగు కుటుంబమైనా ఒకరింటికి ఒకరు వెళ్ళే నెల అది. వేలాదిమంది కార్మికులను ప్రభుత్వం అరెస్టు చేసింది. అప్పటి రాష్ట్రపతి వి.వి. గిరి. 1927లో ఈ లైను మీద సమ్మె నడిపించిన మనిషి, దేశ చరిత్రలోకెల్లా పెద్ద రైల్వే సమ్మె జరిగినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. సాక్చిలో, కదమాలో, బిష్టుపూర్‌లో రెండు గదుల కంపెనీ క్వార్టర్లలో అక్క కుటుంబమూ చెల్లెలి కుటుంబమూ కలిసి వేసవి గడిపేశాయి. రోడ్డు మీద వెళ్దామంటే ఒడిశా దాటాలి, నదులు దాటాలి, బస్సులు మారాలి. పిల్లాపాపలున్నవాళ్ళకు అది అయ్యే పని కాదు. ఉండమనడమే అప్పుడు చేయగలిగిన సాయం.

ఈ పాత అనుభవమంతా ఒక్క సూత్రం మీద నడిచింది. బండి ఆగితే మనిషికి ఇల్లు దొరకాలి. రైల్వే నుంచి అంతకన్నా ఎవరూ ఆశించలేదు. డబ్బు తిరిగొస్తే చాలు అనుకున్నారు.

విమానం వచ్చాక లెక్క మారింది. విమాన ప్రయాణంతో టాటాల అనుబంధం పాతదే. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి తపాలా విమానం నడిపారు. జంషెడ్‌పూర్‌లో సోనారీ దగ్గర టాటా స్టీల్‌కు సొంత విమానాశ్రయం ఉంది. కానీ పెద్ద జెట్ విమానాలు దిగేంత రన్‌వే అక్కడ లేదు. చిన్న విమానాల సర్వీసులు మొదలవడం, ఆగిపోవడం ఊరివాళ్ళకు అలవాటే. 2023 జనవరి 31న ఇండియావన్ ఎయిర్ తొమ్మిది సీట్ల సెస్నా విమానంతో కోల్‌కతా సర్వీసు ప్రారంభించింది. తొమ్మిది సీట్లు ఒక ఊరి అవసరానికి ఏ మూలకు? ఒక్క పెళ్ళి బృందమే అంతకు మించి ఉంటుంది.

దాంతో సాక్చి నుంచి విమాన ప్రయాణం అంటే రెండు ప్రయాణాలు. మొదటిది రైలు మీదో రోడ్డు మీదో, రెండోది గాల్లో. రెండిట్లో ఏది తప్పినా మిగతాదాని టికెట్టు వృథా. 2010 ఈ సంగతిని ఊరికి గట్టిగా నేర్పింది. ఆ ఏడు మే 28 తెల్లవారుజామున ఝాడ్‌గ్రామ్ ప్రాంతంలో, ఖేమాశులి, సర్దిహా స్టేషన్ల మధ్య జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. ఎదురుగా వచ్చిన గూడ్సు దాన్ని ఢీకొంది. దాదాపు 150 మంది చనిపోయారు. ఆ తర్వాత నెలల తరబడి ఆ సెక్షన్లో రాత్రి పది నుంచి తెల్లవారి ఐదు దాకా ప్రయాణికుల రైళ్ళు నడపలేదు. కోల్‌కతాలో పొద్దున్నే విమానం ఉన్నవాళ్ళు ముందురోజే బయల్దేరి అక్కడ ఒక రాత్రి ఉండాల్సి వచ్చింది. ఇప్పటికీ ఈ ఊరి పెద్దలు కోల్‌కతా విమానానికి ఒక రోజు ముందు వెళ్ళమంటారు. ఆ సలహా వెనక ఆ రోజులు ఉన్నాయి.

అదే ఏడు ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో ఎయాఫ్యాట్లయోకుట్ల్ అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద ఐరోపా ఆకాశాన్ని దాదాపు వారం మూసేసింది. అమెరికా నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ల మీదుగా వచ్చే తెలుగు తల్లిదండ్రులు ఎంతోమంది దారి మధ్యలో చిక్కుబడ్డారు. ఐరోపాలో అప్పటికే 2005 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం అలాంటప్పుడు నష్టపరిహారం రాకపోయినా భోజనం, బస విమాన సంస్థే చూడాలి. అగ్నిపర్వతానికి ఇది వర్తించదని ఒక సంస్థ వాదిస్తే, 2013 జనవరి 31న ఐరోపా న్యాయస్థానం తోసిపుచ్చింది. ఎంత అసాధారణ పరిస్థితైనా, ఎన్ని రోజులైనా ప్రయాణికుణ్ణి చూసుకోవాల్సిందేనని తీర్పు చెప్పింది. సాక్చి క్వార్టర్లు 1974లో ఏ చట్టమూ లేకుండా పాటించింది అదే.

మన దేశంలో విమానాల రద్దు, ఆలస్యాల మీద విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాలు 2010 ఆగస్టు 15 నుంచి అమల్లోకి వచ్చాయి. తర్వాత సవరించారు. వాటి సారం ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాల్సినంత ముఖ్యమైనది. రెండు వారాల ముందే రద్దు చెబితే వేరే విమానమో, డబ్బు వాపసో ఇవ్వాలి. కబురు 24 గంటల లోపు అందితే, తప్పు సంస్థది అయితే, అదనంగా పరిహారం కట్టాలి. ప్రయాణ సమయం గంట లోపైతే 5,000, రెండు గంటల లోపైతే 7,500, ఆపైన 10,000 రూపాయలు. లేదా బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం. ఈ రెండిట్లో ఏది తక్కువైతే అదే ఇస్తారు. వాతావరణం, అల్లర్లు, భద్రత వంటి కారణాలైతే పరిహారం లేదు. 24 గంటలు దాటిన ఆలస్యానికి హోటలు బస ఉంది. రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారి మూడు మధ్య బయల్దేరాల్సిన విమానమైతే ఆరు గంటలు దాటినా చాలు.

వీటిలో పెద్దగా ఎవరూ పట్టించుకోని వాక్యం ఒకటుంది. టికెట్టు కొనేటప్పుడు సరైన ఫోను నంబరు ఇవ్వనివాళ్ళకు పరిహారం రాదు. తెలుగు ఇళ్ళల్లో తల్లిదండ్రుల టికెట్టు ఎవరు కొంటారు? డాలస్‌లో ఉన్న కొడుకో, బెంగళూరులో ఉన్న కూతురో, కాకపోతే ట్రావెల్ ఏజెంటో. నంబరు కొన్నవాళ్ళది. రద్దు కబురు డాలస్‌కు వెళుతుంది. అక్కడ అది ఆఫీసు వేళ కావచ్చు, నడిరాత్రి కావచ్చు. తల్లిదండ్రులు మాత్రం తైమారా ఘాట్ మీద ఉంటారు. కనుక కొన్నవాళ్ళ నంబరుతో పాటు, ఎక్కేవాళ్ళదీ, వాళ్ళను సాగనంపే సాక్చి ఇంటివాళ్ళదీ బుకింగులో చేర్పించడం ఈ కాలపు మొదటి జాగ్రత్త. వీల్‌ఛైర్ సంగతి కూడా అంతే. పాత టికెట్టు మీద చెప్పిన వీల్‌ఛైర్ కొత్త విమానానికి దానంతట అదే మారుతుందని నమ్మకూడదు, మళ్ళీ అడగాలి. హిందీ గానీ ఇంగ్లీషు గానీ ధారాళంగా రాని అమ్మమ్మకు ఆ వీల్‌ఛైర్ నడక కోసమే కాదు, గేటు మారినప్పుడు వెంట ఒక మనిషి ఉండడం కోసం కూడా. ఇక మందులు. చెకిన్ బ్యాగులో పెట్టిన ఇన్సులిన్ రద్దయిన విమానం వెంట ఎక్కడో చిక్కుకుంటే ఏ పరిహారమూ ఆ రాత్రి పనికిరాదు. పది రోజుల మందులు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉండాలి.

తుపాన్లు ఈ దారిని పదేపదే పరీక్షించాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, అయిదు రోజులకు గానీ విమానాలు మళ్ళీ ఎగరలేదు. రైళ్ళూ ఆగాయి, ఫోన్లూ పనిచేయలేదు. దసరాకు వచ్చినవాళ్ళను విశాఖకు పంపాల్సిన ఇళ్ళల్లో ఒకే ప్రశ్న: పంపినా అక్కడ నీళ్ళూ కరెంటూ ఉన్నాయా? 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర, 2019 మే 3న ఫణి పూరీ దగ్గర తీరం దాటాయి. రెండూ శ్రీకాకుళానికీ ఖరగ్‌పూర్‌కూ నడుమ ఉన్న రైలు దారినే దెబ్బతీశాయి.

2020 సంగతి వేరే. కోవిడ్ వల్ల మార్చి 23 నుంచి అంతర్జాతీయ విమానాలు, 25 నుంచి దేశీయ విమానాలు ఆగిపోయాయి. ఆ రోజుల్లోనే రైళ్ళూ ఆగాయి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రులు అక్కడ ఉండేందుకు ఇచ్చిన ఆరు నెలల గడువు దాటిపోతుంటే పొడిగింపుకు ఐ-539 దరఖాస్తు పెట్టి ఉండిపోయారు. ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళిన మందులు అయిపోయాక అక్కడి ధరలు చూసి పిల్లలు బెంబేలెత్తారు. విదేశాల్లో చిక్కుకున్నవాళ్ళను తెచ్చే వందే భారత్ విమానాలు మే 7న మొదలయ్యాయి. దిగిన ఊళ్ళోనే డబ్బు కట్టి క్వారంటైన్‌లో ఉండాలి. జంషెడ్‌పూర్ వాళ్ళైతే ఆ గడువు అయ్యాక ఢిల్లీ నుంచో కోల్‌కతా నుంచో మళ్ళీ దారి వెతుక్కోవాలి. మామూలు అంతర్జాతీయ సర్వీసులు 2022 మార్చి 27న గానీ తిరిగి మొదలు కాలేదు.

అదే కాలంలో తెలుగు నేలకూ జార్ఖండ్‌కూ మధ్య దారి ఒకటి తెరుచుకుంది, అది మరిచిపోకూడనిది. దేశంలో మొదటి శ్రామిక్ రైలు 2020 మే 1 తెల్లవారుజామున హైదరాబాదు లింగంపల్లి నుంచి బయల్దేరి ఆ రాత్రి రాంచీ పక్కనున్న హటియా చేరింది. అందులో ఉన్న దాదాపు 1,200 మంది జార్ఖండ్ కూలీల్లో ఎక్కువమంది సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాదు కట్టడం పనికి వచ్చినవాళ్ళు. మా ఊరికి పంపండని వాళ్ళు ఆందోళనకు దిగిన రెండు రోజులకే ఆ రైలు కదిలింది. మే 28న బెంగళూరు నేషనల్ లా స్కూలు పూర్వ విద్యార్థులు చందాలు పోగేసి ముంబై నుంచి రాంచీకి ఒక విమానం నిండా కూలీలను పంపారు. మర్నాడు జార్ఖండ్ ప్రభుత్వం లేహ్ నుంచి 60 మందిని విమానంలో రప్పించింది. ఎప్పుడూ విమానం ఎక్కనివాళ్ళు విమానంలో ఇల్లు చేరారు. వాళ్ళను ఇల్లు చేర్చినవాళ్ళు చుట్టాలు కారు. ఒక ఊరు ఇంటికొచ్చిన చుట్టానికి చేసే సాయాన్ని ఒక రాష్ట్రం తన పనివాళ్ళకు చేసింది. ఆలస్యంగానే, అయినా చేసింది.

ఆ ఏడు రద్దయిన టికెట్ల డబ్బు గురించి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. లాక్‌డౌన్లో కొన్న టికెట్లకు పూర్తి డబ్బు ఇవ్వాలని, అంతకు ముందు కొన్నవాటికి సంస్థలు వెంటనే ఇవ్వలేకపోతే 2021 మార్చి 31 దాకా చెల్లే క్రెడిట్ ఇచ్చి, వాడకపోతే డబ్బు తిరిగి ఇవ్వాలని 2020 అక్టోబరు 1న కోర్టు చెప్పింది.

సాక్చి వాళ్ళకు మరింత దగ్గరి దెబ్బ 2022 సెప్టెంబరులో తగిలింది. ఎస్టీ హోదా కోసం కుడ్మీ సామాజిక వర్గం వాళ్ళు సెప్టెంబరు 20 నుంచి అయిదు రోజులు ఖేమాశులి, కుస్తౌర్‌లలో పట్టాల మీద కూర్చున్నారు. ఖేమాశులి దగ్గర జాతీయ రహదారినీ ఆపేశారు. టాటా నుంచి ఖరగ్‌పూర్ మీదుగా కోల్‌కతా వెళ్ళే రైలూ రోడ్డూ రెండూ ఒకేచోట మూసుకుపోయాయి. 2023 ఏప్రిల్ మొదటి వారంలో మళ్ళీ అదే జరిగింది. వందల రైళ్ళు రద్దయ్యాయి. కోల్‌కతా విమానం టికెట్టు చేతిలో ఉన్నవాళ్ళకు మిగిలిన మార్గం దాన్ని రద్దు చేసుకుని రాంచీ నుంచి కొత్తది కొనడం. విమానం సరిగ్గా వేళకే ఎగిరింది కనుక సంస్థ బాధ్యత ఏమీ లేదు. రైలు రద్దయింది కనుక రైల్వే తన టికెట్టు డబ్బు ఇచ్చింది, అంతే. రెండిటి మధ్య పోయిన వేల రూపాయలు ఇంటివాళ్ళవి.

2024 జులై 19న కంప్యూటర్లు ఆగిపోతే ఏమవుతుందో చూశాం. క్రౌడ్‌స్ట్రైక్ సాఫ్ట్‌వేర్ లోపంతో ప్రపంచమంతా విమానాశ్రయాలు స్తంభించాయి. ఆ రోజు హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్ళే ప్రయాణికుడికి ఇండిగో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో దేశమంతా తిరిగింది.

2025 డిసెంబరులో ఇండిగో సంక్షోభం వచ్చింది. పైలట్ల విశ్రాంతి నియమాల రెండో దశ నవంబరు 1న అమల్లోకి వచ్చింది. రెండు దశలూ కలిపి వారానికి 48 గంటల విశ్రాంతి ఇవ్వాలి, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాలి. అందుకు తగ్గ సిబ్బందిని సంస్థ సిద్ధం చేసుకోలేదు. డిసెంబరు 5 ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. పెళ్ళిళ్ళకు వచ్చినవాళ్ళు, విదేశాల నుంచి సెలవులకు వచ్చినవాళ్ళు విమానాశ్రయాల నేల మీద పడుకున్నారు. మిగిలిన విమానాల ధరలు ఆకాశాన్నంటితే కేంద్రం పరిమితి పెట్టింది: 500 కిలోమీటర్ల లోపు 7,500, వెయ్యి లోపు 12,000, పదిహేను వందల లోపు 15,000, ఆపైన 18,000 రూపాయలు. రైల్వే 37 రైళ్ళకు 116 అదనపు బోగీలు తగిలించింది. అప్పుడు పౌర విమానయాన మంత్రి శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. నూరేళ్ళ కిందట ఈ ఊరికి రైలెక్కిన కుటుంబాల్లో చాలామందిది ఆయన జిల్లాయే. పరిహారానికి తోడు బాగా దెబ్బతిన్న ప్రయాణికులకు పదేసి వేల రూపాయల వోచర్లు ఇస్తామని సంస్థ ప్రకటించింది. ప్రభుత్వ ఫిర్యాదుల వేదిక ఎయిర్‌సేవలో ఫిర్యాదు చేసినవాళ్ళు చేశారు. రాంచీ నుంచి వెనక్కి సాక్చికి కారులో వచ్చినవాళ్ళ పెట్రోలు, మళ్ళీ వెళ్ళిన ఖర్చు మాత్రం ఆ లెక్కల్లో ఎక్కడా లేవు.

అవి ఉండకూడదని ఏ శాసనమూ లేదు. 2019 ఏప్రిల్ 1 నుంచి రైల్వేలో ఒక మంచి నియమం వచ్చింది. రెండు రైళ్ళ టికెట్లను, రెండు పీఎన్‌ఆర్‌లను కలిపి చూపిస్తే, మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు రెండో టికెట్టు డబ్బు తిరిగి ఇస్తారు. ఖరగ్‌పూర్‌లో మెయిలు తప్పి ఒక రాత్రి చుట్టాలింట్లో గడిపిన తరాలకు న్యాయం చేసిన నియమం అది, ఎంత ఆలస్యంగా వచ్చినా. అలాంటిదే రైలుకూ విమానానికీ మధ్య ఎందుకు ఉండకూడదు? సొంత పెద్ద విమానాశ్రయం లేని ఊళ్ళ ప్రయాణికులు రైలు టికెట్టు నంబరు విమానం టికెట్టుకు జతచేస్తే, రైలు రద్దయినప్పుడు అదనపు రుసుము లేకుండా తర్వాతి విమానంలో చోటివ్వాలి. విమానం రద్దయినప్పుడు రైలు ఖర్చు తిరిగి ఇవ్వాలి. రెండు వ్యవస్థల్లోనూ కంప్యూటర్లున్నాయి, నంబర్లున్నాయి. కావలసింది నిర్ణయం.

జంషెడ్‌పూర్‌కు పెద్ద విమానాశ్రయం కోసం ధల్‌భూమ్‌గఢ్‌లో 2019 జనవరిలో భూమిపూజ జరిగింది, పని సాగలేదు. అది పూర్తయ్యే దాకా సాక్చి వాళ్ళు రాంచీకే వెళ్ళాలి, కోల్‌కతాకే వెళ్ళాలి. ఆ దారిలో చిక్కుకున్న ప్రతి కుటుంబమూ తన ఖర్చుల రశీదులు జాగ్రత్త చేసి, ఎయిర్‌సేవలో ఫిర్యాదు నమోదు చేసి, తమ ఎంపీకి ఒక ఉత్తరం రాయాలి. రైళ్ళ టికెట్లను రైల్వే కలిపింది. రైలు టికెట్టునూ విమానం టికెట్టునూ కలిపే నియమం కోసం ఇప్పుడు అడగాల్సింది మనమే.